మెట్టు తెల్లబడింది

"ఆ ముగ్గు నా చెయ్యి వేసిందా, నేను వేశానా? ముందు అది తేల్చి చెప్పు నాయనా. టీ తర్వాత తాగుదువు గాని."

గెథిన్ కప్పు నోటిదాకా తీసుకెళ్లి అక్కడే ఆపేశాడు. బల్లకి అవతల టెగ్వెన్ నిలబడి, తడి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటూ, నిజంగానే జవాబు కోసం చూస్తోంది.

"చెయ్యి మీదే కదా ఆంటీ," అన్నాడు.

"కోడీ నాదే. అంతమాత్రాన గుడ్డు నేను పెట్టానంటావా?"

గెథిన్ ఎండుద్రాక్ష రొట్టె ముక్కకి అవసరమైన దానికన్నా ఎక్కువసేపు వెన్న రాస్తూ కూర్చున్నాడు. సున్నం, మట్టి లేకుండా ఉత్త రాళ్లు పేర్చి గోడలు కట్టేవాడు అతను. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. చేతిలోకి తీసుకున్న రాయిని ఎక్కడో ఒకచోట అమర్చాలి గాని మళ్లీ కుప్పలో పారెయ్యకూడదు. ఈవిడ మాటలని కూడా అతను అలాగే చేతిలోకి తీసుకుంటాడు. ఎక్కడ అమర్చాలో మాత్రం తెలియదు. పట్టుకుని కూర్చుంటాడు.

అతను వచ్చింది సమాధుల గోడ కోసం. వేల్స్‌లో టైవీ నది పుట్టే కొండల కింద, రోడ్డు మోచెయ్యిలా వంగిన చోట రెహోబోతు మందిరం ఉంది. దాని పక్కనే, దానికి వీపు ఆనించి టెగ్వెన్ ఉండే ఇల్లు. సమాధుల చుట్టూ ఉన్న రాళ్ల గోడ పోయిన చలికాలంలో ఒక పక్కన కూలిపోయింది. వసంతంలో మందిరమే మూసేశారు. ఇప్పుడు అమ్మకానికి పెడుతున్నారు కాబట్టి, కొనేవాళ్ల కంటికి ఇంపుగా ఉండాలని జిల్లా సంఘం వాళ్లు గెథిన్‌ని పెట్టి గోడ కట్టిస్తున్నారు. అతనిది పక్క లోయ. ఏ మందిరానికీ వెళ్లే అలవాటు లేదు. మొదటి రోజు వాన పడితే తలదాచుకోవడానికి ఇంట్లోకి వచ్చాడు. ఆ తర్వాత వాన లేకపోయినా వస్తున్నాడు. గోడ పని మాత్రం మెల్లిగా నడుస్తోంది. ఎందుకు మెల్లిగా నడుస్తోందో అతను ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా చెప్పుకోలేదు.

"కూలిన రాళ్లు ముందు పడింది మా ఎబెన్ మీదే," అని చెప్పింది టెగ్వెన్ ఆ మొదటి రోజు. ఎబెన్ ఆవిడ భర్త. "బతికినన్నాళ్లూ రోడ్ల మీద రాళ్లు కొట్టాడు. పోయాక రాళ్లే వచ్చి ఆయన్ని కొట్టాయి. ఆయన కూడా నీలాగే, ఈ మలుపు బాగుచెయ్యడానికి వచ్చి, ఓ కప్పు టీ తాగుతానని లోపలికొచ్చాడు. మళ్లీ వెళ్లనే లేదు. నువ్వు కాస్త జాగ్రత్తగా ఉండు."

ఇల్లు చాలా చిన్నది. తలుపు దగ్గర ఎవరైనా వంగాల్సిందే. మట్టి గోడలు, ఆవు అడ్డంగా నిలబడేంత మందం. పైన పాత గడ్డి కప్పు, దాని మీద రేకులు. లోపల వంటిల్లు, దాని వెనక బోధకుడి గది, పైన అటక. వంటింట్లో ఒక గోడంతా పొయ్యే. ఆ పొయ్యి వెనక గోడే మందిరానికి కూడా గోడ. అవతలి వైపు సంఘపెద్దల బల్ల ఉంటుంది. ఇక్కడ టెగ్వెన్ పొయ్యి వెలిగిస్తే అక్కడ పెద్దల వీపులు వెచ్చబడతాయి. ఇక్కడ ఆరిపోతే వారం తిరక్కుండానే మందిరం గోడకి చెమ్మ ఎక్కుతుంది. ఇది ఏ మేస్త్రీ వేసిన ఎత్తూ కాదు. ముందు ఈ ఇల్లే ఉండేది. ఈ వంటింట్లోనే జనం కూడి బోధ వినేవాళ్లు. ఎక్కువమంది అయ్యేసరికి పొయ్యి వెచ్చన పోగొట్టుకోవడం ఇష్టంలేక, ఆ గోడకే ఆనించి మందిరం కట్టుకున్నారు. ఇప్పుడు చూసేవాళ్లకి మాత్రం మందిరమే ఇంటిని చంకలో పెట్టుకున్నట్టు కనబడుతుంది.

టెగ్వెన్ ఈ ఇంటికి వచ్చింది నీళ్లు మొయ్యడానికి. అప్పటికింకా రెండు జడలు వేసుకునే వయసు. మందిరం చూసుకునే ముసలి మలెన్‌కి నడుము పట్టేసి వంగలేకపోతుంటే, వాళ్లమ్మ పంపించింది. మలెన్ తిట్లు, మలెన్ వంట, మలెన్ ముగ్గులు అన్నీ వంటబట్టాయి. మలెన్ పోయిన రోజున సంఘపెద్దలు వేరే మనిషిని వెతకలేదు. "నువ్వున్నావుగా," అన్నారు. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. మందిరంలో బోధ జరిగినన్నాళ్లూ ఇల్లు ఆ మందిరాన్ని చూసుకునే మనిషిది, బోధ ఆగిన రోజున సంఘానిది. ఈ మాట మలెన్ నాడు ఉంది, మలెన్ కన్నా ముందూ ఉంది. అందరికీ తెలుసు.

ఆ రోజు మొదలు ఆవిడ వారం ఆదివారం చుట్టూ తిరిగింది. శుక్రవారం బోధకుడి మంచానికి వేడినీళ్ల సీసాలు పెట్టి చెమ్మ పోగొట్టడం, శనివారం మందిరం ఊడ్చి తుడవడం, ఆదివారం ఆయనకి భోజనం. ఆయన మందిరం గడప దాటేసరికి బల్ల మీద అన్నీ పొగలు కక్కుతూ ఉండాలి. అందుకని టెగ్వెన్ వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చునేది. బోధ చివరికి వస్తోందనగా లేచి, చప్పుడు కాకుండా ఇంటికొచ్చి, బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టేది.

"ఇన్నేళ్లూ ఒక్క బోధ కూడా ఆఖరిదాకా వినలేదు తెలుసా," అంది గెథిన్‌తో. "ఎంతమంది పాపులు దారి తప్పారో విన్నాను. ఒక్కడూ ఇంటికి తిరిగి రాగా వినలేదు."

ఇక ముగ్గు సంగతి.

గుమ్మం ముందు నల్లటి పలకరాయి మెట్టు ఉంది. శనివారం పొద్దున ఆ మెట్టు కడిగి, సుద్దతో అంచు చుట్టూ గొలుసులా మెలికలు తిప్పుతూ ఒక్క గీత గీసేది మలెన్. ఎక్కడా చెయ్యెత్తకూడదు, గీత తెగకూడదు. గీత తెగితే సందులోంచి చెడ్డది లోపలికి వస్తుందని ముసలమ్మలు అనుకునేవాళ్లు. అలాంటి మాటలు సంఘపెద్దలకి నచ్చేవి కావు గాని, ముగ్గు వల్ల ఒక పని జరిగేది కాబట్టి ఊరుకునేవాళ్లు. కొండ దారుల్లో బోధకుడు ఏ వారం వస్తాడో, ఏ వారం వానకి ఆగిపోతాడో తెలిసేది కాదు. వస్తున్నాడని రూఢి అయితేనే మలెన్ సుద్ద పట్టుకునేది. మెట్టు రోడ్డు మలుపుకి ఎదురుగా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం పాల లారీ ఆ మలుపు తిరిగి పైకి వెళ్తుంది. డ్రైవరు చూస్తాడు. ఒక్కో పొలం దగ్గర ఖాళీ క్యాన్లు దించుతూ "మెట్టు తెల్లబడింది" అని ఒక మాట చెబుతాడు. అంతే, మర్నాడు పొద్దున జనం వస్తారు. మెట్టు నల్లగా ఉంటే ఎవరూ రారు. డ్రైవర్లు మారారు, లారీలు మారాయి, ఇప్పుడు కొన్ని ఇళ్లలో ఫోన్లు కూడా ఉన్నాయి. అయినా అందరూ లారీ మాటే అడుగుతారు.

మందిరం మూసేశాక టెగ్వెన్ మెట్టు కడగడం మానలేదు, సుద్ద మాత్రం పట్టుకోలేదు. అలాంటిది, పోయిన శనివారం ఏం జరిగిందో ఆవిడకే తెలియడం లేదు.

"కోళ్ల గురించి ఆలోచిస్తున్నా," అంది ఇప్పుడు, కుర్చీలో కూర్చుంటూ. "ఒక పెట్ట ఎక్కడో దొంగచాటుగా పొదుగుతోంది, ఎక్కడా అని. మెట్టు కడిగాను. అది గుర్తుంది. పెట్ట నీ గోడ రాళ్ల సందులో ఉందేమోననుకున్నాను. అదీ గుర్తుంది. తర్వాత లేచి చూసేసరికి ముగ్గు ఉంది. మెట్టంతా. గీత ఎక్కడా తెగలేదు."

"చెరిపేసి ఉండాల్సింది కదా."

"బకెట్ తేవడానికి లోపలికెళ్లాను. వెళ్తే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పాలు దించి బయటికొచ్చేసరికి లారీ మలుపు తిరిగి వెళ్లిపోయింది."

"పాల వల్ల అన్నమాట."

"పాలో, కోడో, నేనో. అదే కదా నిన్నడుగుతున్నది."

ఆ మర్నాడు, ఆదివారం పొద్దున, ఆవిడ నడుముకి గుడ్డ కట్టుకుని కోళ్లకి గింజలు వేస్తుంటే, నల్ల కోటు వేసుకుని పాంట్‌గ్లాస్ పొలం అన్నదమ్ముల్లో పెద్దవాడు వచ్చాడు. వెనకాలే, కాస్త ఎడంగా, తమ్ముడు. వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఎప్పటినుంచి లేవో వాళ్లకీ గుర్తులేదు. తర్వాత ఆర్గన్ వాయించే నెస్టా వచ్చింది, బూట్లు సంచిలో పెట్టుకుని. చంటిబిడ్డని ఎత్తుకుని పై పొలం కోడలు వచ్చింది. ఇంకొందరు కూడా. "లారీవాడు చెప్పాడు," అన్నారు అందరూ.  మందిరం తాళంచెవి ఇంకా టెగ్వెన్ దగ్గరే ఉంది. తలుపు తీసింది. ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు, అన్నదమ్ములు చెరో చివర. బోధకుడు నిలబడి చెప్పే మెట్లు ఖాళీగా ఉన్నాయి.

ఆ తర్వాత ఏం జరిగిందన్నది గెథిన్ ఈ వారంలో ముగ్గురి దగ్గర విన్నాడు. ఏ ఇద్దరి మాటా కలవలేదు. మూడు కీర్తనలు పాడామని నెస్టా చెప్పింది. రెండే అని సంఘపెద్ద ఇద్వల్ అన్నాడు. టెగ్వెన్‌ని అడిగితే, "ఒక్కటే. ఆపమని చెప్పేవాడు లేక ఆఖరి చరణం అన్నిసార్లు పాడాం," అంది.

ఇద్వల్ చివర్లో వచ్చాడట. రబ్బరు బూట్లతో, ఇవాళ ఏమీ లేదు ఇళ్లకి పొండి అని చెప్పడానికే వచ్చాడు. తలుపు తీసి చూస్తే అందరూ కూర్చుని ఉన్నారు. చెప్పలేకపోయాడు. నడుచుకుంటూ వెళ్లి పెద్దల బల్ల మీద, పొయ్యి గోడకి ఆనుకుని తన చోట్లో కూర్చున్నాడు.  చివరికి పాంట్‌గ్లాస్ తమ్ముడు లేచి, సండే స్కూల్లో చిన్నపిల్లవాడు లేచినట్టు, బైబిల్లోంచి ఒక వాక్యం చెప్పి కూర్చున్నాడు. పక్కావిడ ఒకటి చెప్పింది. అలా వరసన అందరూ చెప్పుకుంటూ వచ్చారు. టెగ్వెన్ వంతు వచ్చేసరికి ఏదీ గుర్తురాక, చదువురాని పిల్లలందరూ దాక్కునే ఆ అన్నిటికన్నా చిన్న వాక్యం చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు పొయ్యి మీద బంగాళాదుంపలు లేవు. లేచి వెళ్లాల్సిన పని లేదు. ఆఖరిదాకా కూర్చుంది.

"ఎలా ఉంది ఆంటీ, ఆఖరు?" అని అడిగాడు గెథిన్.

ఆవిడ బల్ల మీద రాలిన రొట్టె పొడి చేత్తో పోగుచేసింది. "అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఎవరూ కదల్లేదు. అది ఆఖరో కాదో నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడైనా చూస్తేగా."

చిక్కు అక్కడే మొదలైంది. ఆ కబురు జిల్లా సంఘం కార్యదర్శి దాకా వెళ్లింది. ఆయన మంచివాడేనని అందరూ అంటారు. ఇద్వల్‌కి ఫోన్ చేసి, బోధ జరిగిందా అని అడిగాడట. బోధకుడు లేడు అన్నాడు ఇద్వల్. అయితే జరగలేదన్నమాట అన్నాడాయన. జరగలేదని చెప్పలేను అన్నాడు ఇద్వల్.  చివరికి కార్యదర్శి ఒక మాట చెప్పాడు. రేపు ఆదివారం మధ్యాహ్నం తాళంచెవి తీసుకోవడానికి తను ఎలాగూ వస్తున్నాడు. పొద్దున జనం మళ్లీ కూడితే మందిరం బతికున్నట్టే లెక్క, నెలకోసారైనా బోధకుణ్ని పంపుతాడు, ఇల్లు టెగ్వెన్‌దే. ఎవరూ రాకపోతే తాళంచెవి తీసుకుని వెళ్తాడు. టెగ్వెన్‌కి టౌన్లో ఒక గది సిద్ధంగా ఉంది.

జనం వస్తారా రారా అన్నది మెట్టుని బట్టి ఉంటుంది. ఈ రోజు శనివారం. లారీ ఇంకా రాలేదు.

"గీసెయ్యండి ఆంటీ," అన్నాడు గెథిన్. "ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది?"

"పోయిన వారం తెలియక గీశాను. ఈ వారం తెలిసి గీస్తే అది అబద్ధం."

"ఎవరికి నష్టం?"

"మలెన్ ఒకసారి తొందరపడి గీసింది. మంచు కాలం. బోధకుడు బయల్దేరాడని ఎవరో చెబితే గీసేసింది. ఆయన దారిలోనే ఆగిపోయాడు. జనం మోకాళ్లలోతు మంచులో పడి వచ్చారు, పసిపిల్లల్ని ఎత్తుకుని. మలెన్ అందరికీ టీలు పెట్టింది, ఒక్కళ్ల మొహం చూడలేకపోయింది. వాళ్లు వెళ్లాక మోకాళ్ల మీద కూర్చుని మెట్టు తోమింది. సుద్ద ఎప్పుడో పోయింది, అయినా తోముతూనే ఉంది. నేను పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డా. తెలుపంటే బోధకుడు వస్తున్నాడని. రాని మనిషిని వస్తున్నాడని చెప్పకూడదు."

బయట కుక్క మొరిగింది. ఇద్వల్ తలుపు దగ్గర వంగి లోపలికి తొంగి చూశాడు. టెగ్వెన్, అతనూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు.

"మెట్టు కడగలేదేం టెగ్వెన్?" అన్నాడు, అదేదో దారినపోతూ అడిగినట్టు.

"కడుగుతాను. నీకెందుకు? నీ బూట్లు తుడుచుకుని రా."

"నేను లోపలికి రావడం లేదు. ఊరికే ఇటు పోతూ..."

"నీ ఇల్లు అటుంటే ఇటు ఎక్కడికి పోతున్నావు? కూర్చో. టీ పోస్తాను."

ఇద్వల్ కూర్చున్నాడు. కాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు.

"నిన్ను గియ్యమని నేను చెప్పను," అన్నాడు చివరికి. "సంఘపెద్దని. చెప్పకూడదు."

"సరే."

"వద్దని కూడా చెప్పను."

"మరి దేనికొచ్చినట్టు?"

"ఆ రెండూ చెప్పడానికే వచ్చాను."

టెగ్వెన్ గెథిన్ వైపు తిరిగింది. "చూశావా? బళ్లో లెక్కలు తప్పితే కూడా ఇంతే. పంతులు అడిగితే, తప్పనీ అనేవాడు కాదు, ఒప్పనీ అనేవాడు కాదు."

"నువ్వు నా పలక చూసి రాసేదానివి కాబట్టి మనిద్దరివీ ఒకటే తప్పులు," అన్నాడు ఇద్వల్. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంటావిడ కోటు బయటికి తీసి తాడు మీద ఆరేసింది. పాంట్‌గ్లాస్ పెద్దాయన నిన్న క్షవరం చేయించుకున్నాడు. నేనేమీ చెప్పడం లేదు. ఊరికే అంటున్నాను. నేను మట్టుకు మందిరంలో కూర్చోవాలంటే ఎవరైనా పిలవాలి కదా. నన్ను నేను పిలుచుకోలేను," అన్నాడు.

"నేను మాత్రం మిమ్మల్ని నా ఇల్లు నిలబెట్టుకోవడానికి పిలవాలా?"

"నేనలా అన్నానా?"

"అనలేదు. నేననుకుంటున్నాను."

టీ తాగేసి, గోడ బాగా వస్తోందని గెథిన్‌తో ఒక మాట అనేసి ఇద్వల్ వెళ్లిపోయాడు. గోడ బాగా రావడం లేదు. ఈ వారమంతా కలిపి ఒక మూర కూడా పెరగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

టెగ్వెన్ బకెట్, చీపురు తీసుకుని బయటికెళ్లి మెట్టు కడిగింది. తడి ఆరేదాకా దాని ముందే మోకాళ్ల మీద కూర్చుంది. సుద్దముక్క తీసింది. గెథిన్ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సుద్ద రాయికి తగలబోయి ఆగింది. మళ్లీ దగ్గరకు వెళ్లింది. ఆగింది.

"పోయిన వారం గీసిన చెయ్యి ఏదీ, ఇప్పుడు రాదేం?" అంది చేతికేసి చూస్తూ. "పిలిస్తే రాదు. పిలవకపోతే వస్తుంది. అచ్చం పిల్లిలాగా."

"టౌన్లో గది ఎలా ఉంది ఆంటీ? చూశారా?"

ఆవిడ రోడ్డు వైపు ఒకసారి చూసింది. "ఇది ఎవరితోనూ అనకు," అంది. "బాగుంది. తిప్పితే వేడినీళ్లు వస్తున్నాయి. అరగంట సేపు చేతులు ఆ నీళ్ల కింద పెట్టి నిలబడ్డా. తీసుకెళ్లిన అమ్మాయి నాకేదో అయిందనుకుంది. ఈ ఇంట్లో పొయ్యి రాజెయ్యకుండా వేడినీళ్లు ఏ రోజైనా చూశానా? మెట్లు లేవు, బొగ్గు మొయ్యక్కర్లేదు. అబద్ధమెందుకు, నాకు నచ్చింది."

"అయితే వెళ్లాలని ఉందా?"

"ఉంది."

"మరి?"

"ఉండాలని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి. ఇలా ఉండవచ్చా? మలెన్ ఉంటే చెప్పేది." సుద్దని గుప్పిట్లో మూసింది. "పోనీ వాళ్లకోసమా అంటే, అదీ తెలియడం లేదు. ఆ అన్నదమ్ములు ఆదివారం వెళ్లేటప్పుడు ఒకే గేటులోంచి వెళ్లారు. మాట్లాడుకోలేదు గాని, పెద్దవాడు గేటు పట్టుకున్నాడు, చిన్నవాడు దాటేదాకా. దానికోసం గియ్యవచ్చా? వేడినీళ్లు వదులుకుని? బోధకుడు లేకుండా?"

గెథిన్ సుద్ద కోసం చెయ్యి చాపాడు. "నేను గీస్తాను," అన్నాడు. "అప్పుడు మీరు గీసినట్టు కాదు కదా. అబద్ధమైతే నాది అవుతుంది."

"నీ గోడే వంకరగా ఉంది, ముగ్గొకటా," అంది. ఆ మాటకి తనే కాస్త నవ్వింది. గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

గెథిన్ కూడా వెనకే వెళ్లాడు. పొయ్యిలో, చిత్తడి నేలలోంచి కోసి ఎండబెట్టిన పీట్ గడ్డ సన్నగా కాలుతోంది. పొయ్యి ముందు పరిచిన నల్ల పలకరాయిని అతను ఇన్నాళ్లూ చూస్తున్నాడు గాని, ఎప్పుడూ సరిగా చూడలేదు. ఇప్పుడు కిటికీ వెలుగు పడి, దాని మీద ముదురాకుపచ్చ మెలికలు కనబడ్డాయి. అంచు చుట్టూ తెగని గీత.

"ఇదేంటి? ఇదీ ముగ్గేనా?"

"అది ఇంటి ముగ్గు. అడవి చుక్కాకు నలిపి రుద్దుతాం. ఆ పసరు ఓ పట్టాన పోదు, వానకి కూడా. సుద్ద బయటికి, ఆకు లోపలికి. ఇదెవరూ చూడరు, పొయ్యికోసం వేస్తాను అంతే. ప్రతి వారం."

"మందిరం మూసేశాక కూడా?"

"పొయ్యి మూసెయ్యలేదుగా."

అని, ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పొయ్యి రాయికేసి చూసింది. తలుపులోంచి మెట్టుకేసి చూసింది. మళ్లీ పొయ్యి రాయికేసి చూసింది. గెథిన్ కదలకుండా నిలబడ్డాడు. ఇలాంటప్పుడు మాట్లాడకూడదని ఈ వారంలో అతను నేర్చుకున్నాడు.

"తెలుపంటే బోధకుడు," అంది మెల్లిగా, తనతో తనే. "ఆకుపచ్చ అంటే ఏమీ లేదు. ఇంట్లో మనిషి ఉందని, అంతే. అది అబద్ధం కాదు. ఉన్నానుగా. రేపటికైతే ఉన్నాను." గెథిన్ వైపు తిరిగింది. "చూసి వాళ్లేమనుకుంటారు?"

"ఏమో ఆంటీ. ఇంతకుముందు బయట ఆకుపచ్చ చూసుండరు కదా."

"ఎవరూ చూడలేదు. మలెన్ కూడా." పెదవి కొరుక్కుంది. "వస్తారో రారో."

"తెలియదు."

"నాకూ తెలియదు. వస్తే ఏం చెయ్యాలో కూడా తెలియదు. మందిరం తాళం తియ్యాలా, ఇక్కడే ఈ వంటింట్లో కూర్చోబెట్టాలా? కుర్చీలు చాలవు." అలా అంటూనే బల్లని గోడ వైపు కొంచెం జరిపింది. జరిపి, ఎంత చోటు వచ్చిందో చూసుకుంది. "బంగాళాదుంపలు వండాలా వద్దా?"

దూరంగా, లోయ కింద ఎక్కడో, లారీ గేరు మార్చిన చప్పుడు వినబడింది. మలుపు దాకా రావడానికి ఇంకా కొన్ని పొలాలు ఆగుతూ రావాలి.

టెగ్వెన్ గుమ్మం దగ్గరికి వెళ్లి, కడిగిన మెట్టు మీద అరచెయ్యి పెట్టి తడి చూసింది. ఆరింది. ఉత్తి నల్లరాయి.

"వెళ్లు నాయనా," అంది వెనక్కి తిరగకుండా. "మలెన్ సమాధి వెనకాల చుక్కాకు ఉంటుంది, వెడల్పాటి ఆకులు, ఓ దోసిలి తెంపుకురా. కోళ్ల దగ్గరివి వద్దు, అవి తొక్కేశాయి. వచ్చేటప్పుడు రోడ్డు మీద లారీవాడు కనబడితే ఆపు. మెట్టు తెల్లబడలేదు, పచ్చబడింది అని చెప్పు. అదే మాట పైన చెప్పమను, వేరే మాట కలపొద్దని చెప్పు. అంటే ఏమిటని అడుగుతాడు. ఆవిడక్కూడా తెలియదట అని చెప్పు."